ఆట మనది, పెట్టె కొనేవాళ్ళది

గుడ్డ మీద గీసిన గళ్ళలో గవ్వలు వేసి ఆడే పచ్చీసు మన దేశంలో తరతరాలుగా ఉంది. 1874లో అమెరికాలో సెల్చో కంపెనీ ఈ ఆటకు 'పార్చీసీ' అన్న పేరుతో ట్రేడ్‌మార్కు తీసుకుని, అట్టపెట్టెలో అమ్మింది. 1896లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ కాలియర్ అనే ఆయన గవ్వలు తీసేసి ఆరు ముఖాల పాచిక పెట్టి, దారిని కాస్త సులువు చేసి, 'లూడో'గా పేటెంటు పొందాడు. ఇవాళ శ్రీకాకుళం పిల్లలు ఫోనులో ఆడుతున్నది ఆ లూడోనే. మన ఆటే ఊరు తిరిగి, వేషం మార్చుకుని మన ఇంటికి వచ్చింది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. 1949లో ఇంగ్లండులోని వాడింగ్టన్స్ కంపెనీ హంతకుణ్ణి పట్టుకునే ఆట ఒకటి తెచ్చి 'క్లూడో' అంది. 'క్లూ', 'లూడో' కలిపిన పేరది. ఇంగ్లండులో లూడో ఆడని ఇల్లు లేదు కాబట్టి ఆ చమత్కారం అందరికీ అందింది. అమెరికాలో అదే ఆటను అమ్మిన పార్కర్ బ్రదర్స్‌కు మాత్రం చిక్కొచ్చింది. అక్కడివాళ్ళకు తెలిసింది పార్చీసీ, లూడో కాదు. అందుకని పేరును 'క్లూ' అని కుదించారు. బ్రిటిష్ పెట్టెలో అనుమానితుల్లో ఒకరు చర్చి ఫాదరీ. ఫాదరీని హంతకుడిగా చూపిస్తే అమెరికా ఇళ్ళలో నొచ్చుకుంటారని ఆయన్ను మామూలు మిస్టర్ గ్రీన్‌ను చేశారు. ఆట ఆడే పద్ధతి మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు ఎందరో యువతీయువకులు అష్టాచెమ్మ, పులి-మేక, వామనగుంటలు, దాడి వంటి ఆటల్ని చక్కటి సెట్లుగా చేసి అమ్మాలనుకుంటున్నారు. వాళ్ళకు ఆట తెలుసు, చేతిలో పనితనం ఉంది. ఇబ్బంది వచ్చేది పెట్టె దగ్గర, లోగో దగ్గర. ఊళ్ళో తిరనాళ్ళలో అమ్మిన ప్యాకింగే హైదరాబాదు దుకాణంలో పెడితే ఎవరూ చెయ్యి వెయ్యరు. అప్పుడు కొందరు ఆటనే మార్చేస్తారు. ఇంకొందరు ఏమీ మార్చనని పట్టుబడతారు. ఈ రెండు పొరపాట్లకూ మూలం ఒకటే: ఏది తనది, ఏది కొనేవాడిది అన్న లెక్క తేలకపోవడం. ఆ లెక్క తేల్చుకోవడమే ఈ అధ్యాయంలో నేర్చుకోవలసిన పని.

మారకూడనివి ముందు రాసుకోవాలి

అష్టాచెమ్మనే తీసుకుందాం. ఐదు అడ్డం, ఐదు నిలువు, మొత్తం 25 గళ్ళు. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడి గడిలోనూ అడ్డగీతలు. ఆ గళ్ళలో ఉన్న కాయను ఎవరూ చంపలేరు. నాలుగు గవ్వలు వేస్తారు. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు నడవాలి. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. చెమ్మగానీ అష్టగానీ పడితే మరో పందెం. కాయ నడిగడి చేరితే పండినట్టు.

ఈ ఆటను పెట్టెలో పెట్టాలనుకున్నవాళ్ళకు వెంటనే తోచేది గవ్వల బదులు పాచిక వేసేయడం. పాచిక చవక, ఎక్కడైనా దొరుకుతుంది. అక్కడే ఆగి లెక్క వేసుకోవాలి. రెండు వైపులూ సమానంగా పడే పిక్కలు నాలుగు వేస్తే 16 రకాలుగా పడవచ్చు. వాటిలో 6 సార్లు 2 వస్తుంది. 1కి నాలుగు, 3కి నాలుగు. చెమ్మకు ఒక్కటే, అష్టకు ఒక్కటే. అందుకే అష్ట పడగానే ఇల్లంతా కేక పెడుతుంది. పాచికకు ఏ ముఖమైనా ఒకటే. 1 ఎన్నిసార్లు పడుతుందో 6 అన్నిసార్లు పడుతుంది. పాచిక పెట్టిన మరుక్షణం అష్టకున్న అపురూపం పోతుంది, ఆ కేక పోతుంది.

కాబట్టి ఈ ఆటలో మారకూడనిది గవ్వ కాదు, రెండు ముఖాల పిక్కలు నాలుగు ఉండడం. ఈ సంగతి తెలిస్తే ఎంత మేలో దూరపు మార్కెట్‌కు వెళ్ళినప్పుడు అర్థమవుతుంది. పల్లెలో చింతపిక్కలు చీల్చి ఆడతారు. అదే చింతపిక్కల పొట్లం ఆస్ట్రేలియాకో అమెరికాకో పంపితే విత్తనాల తనిఖీలో ఆగిపోయే ప్రమాదం ఉంది. వామనగుంటల్లో వేసే గురివింద గింజలు మరీ విషపూరితం. చిన్నపిల్లల పెట్టెలో వాటికి చోటే ఉండకూడదు. గవ్వల్లో కొన్ని జాతులకు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. తాను కొంటున్నది ఏ జాతో తెలియకుండా పెట్టెలో వేయడం మంచిది కాదు. రెండు వైపులూ సమానంగా పడేలా చెక్కతో చేసిన పిక్కలైతే ఈ మూడు చిక్కులూ తప్పుతాయి, ఆట లెక్కా చెడదు.

పులి-మేకకూ ఇదే పద్ధతి. 23 కూడళ్ళు, 3 పులులు, 15 మేకలు. ఈ మూడు అంకెల్లో ఏ ఒక్కటి కదిల్చినా రెండు పక్షాల తూకం తప్పుతుంది. పులి ఇత్తడిదా చెక్కదా, పటం గుడ్డదా అట్టదా అన్నది ఎలాగైనా మార్చుకోవచ్చు.

మూలం చెడకుండా రూపం మార్చడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరంలో గురజాడ అప్పారావు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కాన్ని చాలావరకు తిరగరాసి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ తెలుగువాళ్ళు నెత్తిన పెట్టుకుంటున్నది ఆ రెండో కూర్పునే. మొదటిది జనాదరణ పొందిందే. అయినా ఆయన దాన్ని ముట్టుకోవడానికి జంకలేదు. ఏది నిలవాలో ఆయనకు స్పష్టంగా తెలుసు.

తయారీదారు చేయవలసిన మొదటి పని, ఒక తెల్లకాగితం మీద అడ్డగీత గీసి, పైన మారకూడనివి, కింద మారదగినవి రాసుకోవడం. పైన ఐదింటికి మించితే మళ్ళీ ఆలోచించాలి. మమకారం వల్ల రాసినవి కొన్ని అందులో తప్పక ఉంటాయి.

ఎవరి చేతిలో పడుతుంది?

'కొత్త మార్కెట్' అని గంపగుత్తగా అనుకుంటే పని కాదు. ఉత్తరాంధ్రలో కూర్చున్న తయారీదారుకు కనీసం నాలుగు రకాల కొనుగోలుదారులు ఉన్నారు. నలుగురూ ఒకే పెట్టెను నాలుగు రకాలుగా చూస్తారు.

మొదటివారు తిరనాళ్ళకు వచ్చేవాళ్ళు. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. రథసప్తమికి అరసవల్లి. అక్కడ కొనేవాళ్ళకు ఆట ముందే తెలుసు. పెట్టె మీద వివరణ అక్కర్లేదు. లోపలి వస్తువు కనిపించాలి, ధర చేతికి అందాలి. గుడ్డసంచిలో చుట్టిన పటం, పైన కాగితం పట్టీ చాలు.

రెండోవారు విశాఖ, హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఉండే కుటుంబాలు. అమ్మమ్మ ఆడగా చూశారు, నియమాలు మర్చిపోయారు. పుట్టినరోజుకో గృహప్రవేశానికో బహుమతిగా ఇవ్వడానికి కొంటారు. అందుకే మూత అందంగా ఉండాలి. ఎంతమంది ఆడవచ్చు, ఎంతసేపు పడుతుంది, ఏ వయసు నుంచి అన్న మూడు సంగతులు మూత మీదో పక్కనో ఒక్క చూపులో కనబడాలి. చేతిలో ఫోను ఉన్న పిల్లవాడితో పోటీపడే పెట్టె ఇది.

మూడోవారు సరిహద్దు అవతలివారు. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. బరంపురం, పర్లాకిమిడి బజార్లలో తెలుగూ ఒడియా రెండూ వినబడతాయి. అక్కడికి వెళ్ళే పెట్టె మీద తెలుగు ఒక్కటే ఉంటే సగం మంది దూరమవుతారు. పులిని మేకలు చుట్టుముట్టిన బొమ్మకు మాత్రం ఏ లిపీ అక్కర్లేదు. భాష మారే చోట అక్షరాల భారం తగ్గించి బొమ్మ మీద వేయాలి.

నాలుగోవారు విదేశాల్లోని తెలుగువాళ్ళు. వాళ్ళ పిల్లలు తెలుగు మాట్లాడినా చదవలేకపోవచ్చు. ఆ ఇంట్లో పెట్టె చేసే పని రెండు రకాలు: తల్లిదండ్రులకు ఊరు గుర్తుచేయాలి, పిల్లలకు కొత్త ఆటలా కనబడాలి. తెలుగు అక్షరం పెద్దదిగా, ఇంగ్లీషు చదువుకోవడానికి వీలుగా పక్కన, ఈ రెండూ కలిస్తేనే ఆ పని అవుతుంది.

నాలుగు పెట్టెలు ఒకేసారి చేయించనక్కర్లేదు. ఒక్క మార్కెట్‌ను ఎంచుకుని దానికి సరిపడా చేయాలి. అందరినీ మెప్పించాలని చేసిన మూత మీద అన్నీ ఉంటాయి, ఏదీ కనబడదు.

పేరూ గుర్తూ

1995లో జర్మనీలో క్లౌస్ టాయ్‌బర్ రూపొందించిన 'ది సెట్లర్స్ ఆఫ్ కటాన్' ప్రపంచమంతా అమ్ముడయింది. 20 ఏళ్ళు నిండిన 2015లో దాని ప్రచురణకర్తలు పేరును 'కటాన్' అని ఒక్క మాటకు తగ్గించి, మూత బొమ్మనూ అక్షరాలనూ కొత్తగా వేయించారు. అంత పేరున్న ఆటే అక్షరాలు తగ్గించుకుంటే, కొత్తగా వచ్చేవారు 'ఉత్తరాంధ్ర సంప్రదాయ అష్టాచెమ్మ క్రీడా సమితి' వంటి పేరు మూత మీదికి ఎక్కించడం తగదు. ఇంకో ఆట, 'టికెట్ టు రైడ్', జర్మనీలో ఒక పేరుతో, ఫ్రాన్సులో మరో పేరుతో అమ్ముతారు. మూత మీద రైలు, రంగులు, అమరిక మాత్రం ఎక్కడైనా ఒకే కుటుంబంలా కనిపిస్తాయి. పేరు మారినా పోలిక మారకుండా చూసుకోవడమే అక్కడి నేర్పు.

ఆట పేరు వేరు, బ్రాండు పేరు వేరు. అష్టాచెమ్మ, పులి-మేక అందరి సొత్తు. అలాంటి సాధారణ పేర్లను ఏ ఒక్కరూ తమ ట్రేడ్‌మార్కుగా గుత్తకు తీసుకోలేరు. తమకంటూ వేరే పేరూ గుర్తూ ఉంటే వాటిని నమోదు చేసుకోవచ్చు. ఆటలు, ఆటవస్తువులు ట్రేడ్‌మార్కు వర్గీకరణలో 28వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి దరఖాస్తు రుసుము రూ. 4,500. నమోదయితే 10 ఏళ్ళు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. నమోదు కాకముందే పేరు పక్కన వృత్తంలో 'ఆర్' గుర్తు వేయడం నేరం. అప్పటిదాకా 'టీఎం' అని వేసుకోవాలి.

ఊరి పేరు వాడేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. బొబ్బిలి వీణకు, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పనికి, ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఏటికొప్పాకకు ఆ గుర్తింపు 2017లో వచ్చింది. మేకకాయలు ఏటికొప్పాకలో చేయించకుండా, అధీకృత వినియోగదారుగా నమోదైన పనివాళ్ళతో సంబంధం లేకుండా మూత మీద 'ఏటికొప్పాక' అని వేసుకోవడం చట్టానికి విరుద్ధం. అంతకుమించి, అది ఆ ఊరి పనివాళ్ళ కూటికి గండి కొట్టడం. నిజంగా అక్కడే చేయిస్తే మాత్రం ఆ పేరు గర్వంగా వేసుకోవాలి. ఏ లోగో ఇవ్వలేని నమ్మకం ఆ ఒక్క మాట ఇస్తుంది.

అక్షరాల సంగతి. తెలుగు లోగో అనగానే ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో ఫాంటు దింపుకుని వాడేస్తారు. దానికి వ్యాపార అనుమతి ఉందో లేదో చూడరు. సిలికానాంధ్ర సంస్థ చొరవతో వెలువడి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఫాంట్లలో రెండింటికి ఈ ప్రాంతపు మహనీయుల పేర్లే ఉన్నాయి: గురజాడ, గిడుగు. వాటి లైసెన్సు వ్యాపారానికీ వాడుకోనిస్తుంది. ఏ ఫాంటు ఎంచుకున్నా ఒక పరీక్ష తప్పదు. 'ష్ట', 'మ్మ' వంటి వత్తులున్న మాటను గోరంత సైజులో అచ్చువేసి చూడాలి. ఫోను తెరమీద అమ్మకపు బొమ్మ అంతే ఉంటుంది. వత్తు కలిసిపోయి నల్లటి మరకలా కనిపిస్తే ఆ లోగో పనికిరాదు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు లోగో కంటే ఎక్కువ ఎత్తు వదలాలి. ఇంగ్లీషు కొలతల్లో తెలుగును ఇరికిస్తే వత్తు తెగుతుంది.

మూత బొమ్మ వేసిన చిత్రకారుడితో కాగితం రాసుకోవడం చాలామంది మర్చిపోతారు. బయటి చిత్రకారుడు గీసిన బొమ్మ మీద హక్కు ఎవరిదో రాతపూర్వకంగా తేల్చుకోకపోతే తర్వాత తగాదా రావచ్చు. ఒప్పందంలో కాలవ్యవధి రాయకపోతే కాపీరైట్ చట్టం 5 ఏళ్ళేనని లెక్కిస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని అనుకుంటుంది. విదేశాల్లో అమ్మాలనుకునేవాళ్ళు ఆ రెండు మాటలూ ఒప్పందంలో తప్పక రాయించాలి. చిత్రకారుడికి తగిన పారితోషికం ఇచ్చి, పెట్టె మీద పేరు వేస్తే అతనూ సంతోషంగా సంతకం పెడతాడు.

పెట్టె లోపలా బయటా

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి పనివాళ్ళు అంకుడు కర్రను తరిణె మీద బిగిస్తారు. కర్ర గిర్రున తిరుగుతుంటే ఉలితో ఆకారం తీస్తారు. ఆ తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరిగే కర్రకు ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. చింతలపాటి వెంకటపతి రాజు గారు పనివాళ్ళతో కలిసి సహజరంగుల వాడకాన్ని మళ్ళీ నిలబెట్టారు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలదే. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో బహుమతి దక్కింది.

ఇంత పనితనం ఉన్న కాయను ప్లాస్టిక్ సంచిలో ముడివేసి పెట్టెలో పడేస్తే లక్క గీరుకుపోతుంది, కొన్నవాడికి విలువా తెలియదు. కాయకో గుంట ఉన్న అట్ట పలక చాలు. మూత తీయగానే 3 పులులు ఒక వరుసలో, 15 మేకలు మరో వరుసలో కనబడతాయి. ఆట ముగిశాక గుంటలన్నీ నిండాయా లేదా చూసుకుంటే ఏ కాయ పోయిందో వెంటనే తెలుస్తుంది.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవారు పనస దుంగతో వీణలు చెక్కుతారు. ఒకే దుంగలో తొలిచిన ఏకాండి వీణ విద్వాంసులకోసం. అదే పనితనంతో చిన్న వీణలు కూడా చేస్తారు. అవి వాయించడానికి కాదు, బహుమతులుగా, జ్ఞాపికలుగా ఇవ్వడానికి. పెద్ద వీణ కొనేవాడు నాదం విని కొంటాడు. చిన్న వీణ కొనేవాడు చేతిలో పట్టుకుని, పెట్టె చూసి, ఇచ్చేటప్పుడు ఎలా ఉంటుందో ఊహించుకుని కొంటాడు. పనివాడు ఒక్కడే, మార్కెట్లు రెండు. ఆటల తయారీదారు పక్క ఊళ్ళోనే ఉన్న ఈ ఉదాహరణను వెళ్ళి చూసిరావాలి.

కొలతల దగ్గర తప్పు చేస్తే లాభమంతా రవాణాకే పోతుంది. విమానంలో పంపే కొరియర్ సంస్థలు సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే డబ్బు కట్టించుకుంటాయి. 30 సెంటీమీటర్ల చదరం, 8 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న పెట్టె, లోపల అరకిలోనే ఉన్నా, 1.44 కిలోల కింద లెక్క. అదే పటాన్ని మడతపెట్టే గుడ్డగా చేసి, పెట్టెను 20 సెంటీమీటర్ల చదరానికి, 6 సెంటీమీటర్ల ఎత్తుకు తగ్గిస్తే ఆ లెక్క 0.48 కిలోకు దిగుతుంది, అసలు బరువుకే డబ్బు కడితే చాలు. మూత డిజైను మొదలుపెట్టకముందే ఈ భాగహారం చేసుకోవాలి.

ఆ గుడ్డ పటానికి పొందూరు ఖద్దరు వాడితే ఎంతో బాగుంటుంది. వాలుగ చేప దవడతో పత్తి ఏకే ఆ ఊరి పద్ధతి వేరెక్కడా లేనిది. అయితే అది ఖరీదైన వస్త్రం. తిరనాళ్ళ సెట్టుకు మామూలు కాటన్, బహుమతి సెట్టుకు పొందూరు అని వేరుచేసుకుంటే రెండు ధరలకూ న్యాయం జరుగుతుంది.

రంగుల్లో ఒక జాగ్రత్త. నలుగురి కాయలకూ ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, నీలం పెట్టడం అలవాటు. మగవాళ్ళలో కొందరికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. కాయ తల ఆకారం కూడా మారిస్తే, ఒకటి గుండ్రం, ఒకటి మొన, ఒకటి పలక, ఒకటి గంట, అందరూ ఆడగలుగుతారు.

వెనక వైపు చట్టం చదువుతుంది

మూత కొనేవాడు చూస్తాడు, అడుగు భాగం తూనికలు కొలతల శాఖ చూస్తుంది. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, వస్తువు పేరు, లోపల ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను, ఈమెయిలు వంటి వివరాలు పెట్టె మీద ఉండాలి. డిజైనరు అందమైన బొమ్మ వేసేశాక ఇవన్నీ ఎక్కడ ఇరికించాలా అని వెతకడం కంటే, ముందే చోటు కేటాయించడం మేలు.

14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతిపనివాళ్ళు తయారుచేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. తన సెట్టు ఏ కోవలోకి వస్తుందో పెట్టె అచ్చుకు ఇవ్వకముందే తయారీదారు తేల్చుకోవాలి. అచ్చయిన పెట్టెల కట్టలు మూలన పడితే ఆ నష్టం పూడ్చుకోవడం కష్టం.

నియమాల కాగితం

పెట్టెలో అందరూ చిన్నచూపు చూసేది ఇదే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి, జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలుండాలని జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం. ఆ నేల మీద నుంచి వెళ్ళే ఆటపెట్టెలో 'క్రీడాకారుడు గవ్వలను ప్రక్షేపించవలెను' అని ఉంటే ఎలా? 'గవ్వలు వెయ్యండి. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు నడవండి' అంటే పదేళ్ళ పిల్లకూ అర్థమవుతుంది.

అష్టాచెమ్మ నియమాలు ఊరూరికీ కాస్త తేడాగా ఉంటాయి. ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపితేనే లోపలి గళ్ళలోకి వెళ్ళాలని కొన్నిచోట్ల, అక్కర్లేదని కొన్నిచోట్ల. కాగితంలో ఒక పద్ధతిని ప్రధానంగా రాసి, మిగతావి 'మీ ఊళ్ళో ఇలా ఆడతారా?' అని చివర ఇస్తే వాదన రాదు. పైగా కొన్నవాళ్ళు ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోను చేసి అడుగుతారు.

మాట పడడం నేర్చుకోవాలి

ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది డిజైను కాదు, ఎదుటివాళ్ళ మాట వినడం. ఏళ్ళ తరబడి చేసిన పెట్టెను ఎవరో ఒక్క క్షణం చూసి 'ఇదేమిటి, అగరొత్తులా?' అంటే మనసు చివుక్కుమంటుంది. వెంటనే వివరించబోతాం. ఆ వివరణే అసలు ప్రమాదం. దుకాణంలో పెట్టె పక్కన తయారీదారు నిలబడి ఉండడు కదా. అగరొత్తులనుకున్నవాడు తప్పు చేయలేదు. పెట్టె అతనికి ఆ మాటే చెప్పింది.

పొగడ్త కోసం చుట్టాలకు చూపించకూడదు. వాళ్ళు ఆటను ఎరుగుదురు, తయారీదారును ప్రేమిస్తారు. ఎరగని మనిషి చేతికి ఇచ్చి, అయిదు సెకన్లయ్యాక వెనక్కి తీసుకుని, మూడే అడగాలి: లోపల ఏముంది? ఎవరికోసం? ఎంత ధర ఉంటుంది? జవాబు వచ్చేదాకా నోరు విప్పకూడదు. ముగ్గురు ఒకే తప్పు చెబితే తప్పు మూతదే. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే మూత మీద మరీ ఎక్కువ ఉన్నట్టు. చెప్పిన ధర అనుకున్నదానికంటే బాగా తక్కువైతే కాగితం, అచ్చు నాసిగా ఉన్నాయని అర్థం. మెచ్చుకోవడానికి వచ్చిన మాటకంటే ఈ జవాబులే తయారీదారుకు ఆస్తి.

వినడం అంటే ప్రతి మాటకూ తలొగ్గడం కాదు. 'గవ్వలు తీసేసి పాచిక పెట్టండి' అని ఎవరైనా అంటే మొదట రాసుకున్న కాగితం తీసి చూడాలి. అది అడ్డగీతకు పైన ఉందా, కింద ఉందా? పైన ఉంటే నవ్వి వద్దనాలి. కింద ఉంటే అహం అడ్డుపెట్టుకోకుండా మార్చేయాలి. ధైర్యంగా వద్దనడమూ వినయంగా సరేననడమూ రెండూ ఆ ఒక్క కాగితం నుంచే వస్తాయి.

ఈ వారం చేయవలసినవి

1. ఎంచుకున్న ఆటను ఇంట్లో మూడు తరాలవాళ్ళతో ఆడించి, మారకూడనివీ మారదగినవీ రాయండి.
2. నాలుగు మార్కెట్లలో ఒక్కదాన్ని ఎంచుకోండి. ఆ మార్కెట్లో అమ్ముడవుతున్న ఆటపెట్టె ఒకటి కొని, అన్ని పక్కలూ చదవండి.
3. తెల్ల అట్టతో డమ్మీ పెట్టె కట్టి, కొరియర్ లెక్క వేయండి. కాయలన్నీ పెట్టి బాగా కుదిపి చూడండి.
4. లోగోను గోరంత సైజులో, నలుపు తెలుపుల్లో అచ్చుతీసి, వత్తులు కనబడుతున్నాయో లేదో చూడండి.
5. డమ్మీ మూతను విజయనగరం రైల్వే స్టేషన్లోనో శ్రీకాకుళం బస్టాండులోనో ఎరగనివాళ్ళకు చూపించి, పై మూడు ప్రశ్నలు అడగండి. జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి.
6. ఇవన్నీ అయ్యాకే అచ్చుకు ఇవ్వండి. మొదటి విడత తక్కువే వేయించండి.

పచ్చీసును పెట్టెలో పెట్టి ప్రపంచానికి అమ్మినవాళ్ళు మనవాళ్ళు కారు. వైకుంఠపాళికి కూడా అలాగే జరిగింది. 1943లో అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ పాముల స్థానంలో పిల్లలు ఆడుకునే జారుడుబల్లలు పెట్టి అమ్మింది. అష్టాచెమ్మ, పులి-మేక, వామనగుంటలు ఇంకా మన చేతుల్లోనే ఉన్నాయి. కాయలు చేసే తరిణెలు ఏటికొప్పాకలో తిరుగుతున్నాయి, ఇత్తడి పని బుడితిలో ఉంది, వస్త్రం పొందూరులో ఉంది. ఉత్తరాంధ్ర యువతీయువకులు ఈ సంక్రాంతికి కనీసం ఒక్క ఆటనైనా సరైన పెట్టెలో పెట్టి, చేసినవాళ్ళ పేరుతో, చేసిన ఊరి పేరుతో బయటి బజారుకు పంపాలి.